సాధు రేజర్‌కి పదునైన బ్లేడు: మైల్డ్ సేఫ్టీ రేజర్‌తో హాయిగా గడ్డం గీసుకోవడం ఎలా?

మైల్డ్ సేఫ్టీ రేజర్, అంటే బ్లేడు అంచు ఎక్కువగా బయటికి రాకుండా సాధువుగా కోసే రేజర్ అనగానే "అది కొత్తగా నేర్చుకునేవాళ్లకి, చెయ్యి తిరిగాక పనికిరాదు" అంటుంటారు. నేనూ ఆ మాటే నమ్మాను. నా గడ్డం గట్టిది కాబట్టి మొదట్లోనే బాగా దూకుడుగా కోసే రేజర్ కొన్నాను. మూడు నెలలు మెడ నిండా ఎర్రటి పొక్కులు, కాలర్ తగిలితే చాలు మంట. విసుగొచ్చి మైల్డ్ రేజర్‌కి మారాను. దానితోపాటు పెట్టెలో వచ్చిన బ్లేడు వేసి గీసుకుంటే గరుకు అలాగే మిగిలిపోయింది. లోపం రేజర్‌దే అనుకుని దాన్ని పక్కన పెట్టేశాను. కొన్ని వారాల తర్వాత ఎందుకో అందులోనే బాగా పదునున్న మరో బ్లేడు వేసి చూశాను. అదే రేజర్, అదే సబ్బు, అదే చెయ్యి. గడ్డం మాత్రం వెన్నలో చాకు దిగినంత తేలిగ్గా వచ్చేసింది, మెడ మీద ఒక్క పొక్కు కూడా లేవలేదు.

ఆ రోజు నాకు అర్థమైంది ఇది: మైల్డ్ రేజర్‌లో చర్మాన్ని కాపాడే పని రేజర్‌ది, కోసే పని బ్లేడుది. రేజర్ ఎంత నెమ్మదిదైతే బ్లేడు అంత పదునుగా ఉండాలి. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

ముందు మీ రేజర్‌ని తెలుసుకోండి

రేజర్ మైల్డ్ అవునా కాదా అన్నది ప్రధానంగా రెండు కొలతల మీద ఆధారపడుతుంది. ఒకటి గ్యాప్, అంటే బ్లేడు అంచుకీ దాని కింద ఉండే సేఫ్టీ బార్‌కీ మధ్య ఉన్న సందు. రెండోది ఎక్స్‌పోజర్. రేజర్ పైమూతనీ కింది బార్‌నీ కలుపుతూ ఒక గీత గీసినట్టు ఊహించుకోండి. బ్లేడు అంచు ఆ గీత దాటి బయటికి వస్తే పాజిటివ్, గీత మీదే ఉంటే న్యూట్రల్, లోపలే ఉండిపోతే నెగటివ్. చాలామంది గ్యాప్ ఒక్కటే చూస్తారు. నా ఉద్దేశంలో చర్మానికి తెలిసేది ఎక్స్‌పోజరే. గ్యాప్ కాస్త ఎక్కువున్నా బ్లేడు లోపలికి ఉన్న రేజర్ సాధువుగానే నడుస్తుంది.

ఇవి ఎంత చిన్న కొలతలో చూడండి. రాక్‌వెల్ 6ఎస్ రేజర్‌కి మార్చుకునే ప్లేట్లు వస్తాయి. వాటిలో అన్నిటికన్నా సాధువైన ఒకటో నంబరులో గ్యాప్ 0.20 మిల్లీమీటర్లు, అన్నిటికన్నా దూకుడైన ఆరో నంబరులో 0.79. తేడా అర మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ, అంతే. బ్లేడు మందమే దాదాపు 0.1 మిల్లీమీటరు. ఇంత పలచని రేకు వెంట్రుక తగిలినప్పుడు వణుకుతుంది, ఆ వణుకే చర్మం మీద మంటగా మారుతుంది. బ్లేడుని అంచు దాకా గట్టిగా బిగించి పట్టుకునే రేజర్‌లో ఈ వణుకు తక్కువ.

మెర్కూర్ 34సి, ఎడ్విన్ జాగర్ డీఈ89, మ్యూలే ఆర్89, ఫెదర్ ఏఎస్-డీ2, పాత జిలెట్ టెక్, వైషి లాంటివి మైల్డ్ కోవలోకి వస్తాయి. వీటిలోనూ ఫెదర్, వైషి మరీ నెమ్మది. మ్యూలే ఆర్41 దీనికి పూర్తిగా ఎదురు, అది దూకుడుకే పేరు పడింది. కొనేటప్పుడు 89, 41 అంకెలు తారుమారు కాకుండా చూసుకోండి.

బ్లేడు వేయడం

మూడు ముక్కల రేజర్ అయితే పైమూతని బోర్లా పట్టుకుని, దాని మీద బ్లేడు పెట్టి, ఆపైన ప్లేటు అమర్చి, చివరగా పిడి తిప్పాలి. బిగించేటప్పుడు బ్లేడుని పదును లేని పొట్టి చివరల దగ్గరే పట్టుకోవాలి, పదునున్న అంచుల మీద వేలు పడకూడదు. బిగించాక రేజర్‌ని కంటి ఎత్తులో పెట్టి, రెండు వైపులా బయటికి కనిపించే బ్లేడు ఒకేలా ఉందా అని చూడండి. ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ కనిపిస్తే విప్పి మళ్లీ బిగించండి. ఈ పది సెకన్ల పని వదిలేస్తే ఒక వైపు దూకుడుగా, రెండో వైపు కోయకుండా తయారవుతుంది. అప్పుడు తప్పు బ్లేడుదనుకుంటాం.

గడ్డాన్ని నానబెట్టడం

ఎండు వెంట్రుక గట్టిగా ఉంటుంది. నీళ్లు పీల్చుకుంటే మెత్తబడి, తక్కువ బలానికే తెగుతుంది. స్నానం అయ్యాక గీసుకుంటే సగం పని అయిపోయినట్టే. లేకపోతే గోరువెచ్చని నీళ్లతో రెండు మూడు నిమిషాలు గడ్డం తడుపుతూ ఉండండి. మరీ వేడి నీళ్లు వద్దు, చర్మం ఎండిపోతుంది.

నురగ విషయంలో నాకు కాస్త పట్టింపు ఎక్కువ. మైల్డ్ రేజర్‌తో ఒకే చోట రెండు మూడు సార్లు గీస్తాం కాబట్టి ప్రతిసారీ చర్మానికీ బ్లేడుకీ మధ్య జారుడు ఉండాలి. నురగ దూదిలా పొంగితే చాలదు. అందులో నీళ్లు సరిపడా ఉండాలి, రెండు వేళ్ల మధ్య రుద్దితే జారాలి. చూడటానికి పెరుగు మీగడలా మెరుస్తూ, పెద్ద బుడగలు లేకుండా ఉంటే సరిగ్గా కుదిరినట్టు. మొదట్లో అందరం నీళ్లు తక్కువ పోస్తాం. బ్రష్ చివరని ఒక్కొక్కసారి నీళ్లలో ముంచి, కొద్దికొద్దిగా కలుపుతూ పోండి.

కోణం

రేజర్ పైమూతని చెంపకి ఆనించండి, పిడి చెంపకి నిటారుగా బయటికి ఉండాలి. ఇప్పుడు బ్లేడు తగలదు. పిడిని మెల్లగా కిందికి దించుతూ చిన్న చిన్న గీతలు గీయండి. ఒక చోట వెంట్రుకలు తెగుతున్న చప్పుడు వినిపిస్తుంది. చర్మానికీ బ్లేడుకీ మధ్య సుమారు 30 డిగ్రీలు ఉండే ఆ చోటే మీ రేజర్‌కి సరైన కోణం. మైల్డ్ రేజర్లు దాని నుంచి కాస్త అటు ఇటు అయితే కోయడం మానేస్తాయి. అది లోపం కాదు. గాయం చేసే బదులు కోయకుండా వదిలేస్తుంది, అంతే. చెవిని నమ్ముకోండి. చప్పుడు ఆగిపోయిందంటే కోణం తప్పిందని అర్థం.

గడ్డం కింద, దవడ మలుపు దగ్గర ముఖం వంపు తిరుగుతుంది కాబట్టి పిడిని కూడా దానితోపాటు తిప్పుతూ ఉండాలి. గీత రెండు మూడు సెంటీమీటర్లకి మించకపోతే మంచిది.

నొక్కకండి

మైల్డ్ రేజర్‌తో జరిగే అతి పెద్ద పొరపాటు ఇదే, అందుకే ఇక్కడ కాసేపు ఆగుదాం. గరుకు మిగిలిందనిపించగానే చెయ్యి తనంతట తానే నొక్కేస్తుంది. నొక్కితే ఏమవుతుంది? చర్మం మెత్తనిది కాబట్టి సేఫ్టీ బార్‌కీ మూతకీ మధ్య ఉన్న సందులోకి ఉబుకుతుంది. బ్లేడు ఆ ఉబుకు మీద నడుస్తుంది. అంటే మీరు డబ్బు పెట్టి కొన్న రక్షణని మీ చేత్తో మీరే తీసేసినట్టు. గడ్డంతోపాటు చర్మం పైపొర కూడా లేచిపోతుంది, మంట అప్పుడే మొదలవుతుంది.

లోహపు రేజర్ బరువే చాలు. పిడిని చివరి దగ్గర మూడు వేళ్లతో తేలిగ్గా పట్టుకోండి, పిడికిలి బిగించకండి. రెండో చేత్తో చర్మాన్ని సాగదీయండి, గీసే దిక్కుకి ఎదురు వైపుకి. చెంప అయితే చెవి దగ్గర పైకి లాగాలి, మెడ అయితే కిందికి. సాగిన చర్మం ఉబకదు, వెంట్రుక నిలబడుతుంది. నొక్కాలనిపించిన ప్రతిసారీ చర్మాన్ని ఇంకాస్త సాగదీయండి. ఈ ఒక్క అలవాటుతో నా మెడ బాగుపడింది.

విడతలు

ముందు మీ గడ్డం వాలు తెలుసుకోవాలి. ఒకరోజు పెరిగిన గడ్డం మీద వేళ్లు నాలుగు వైపులా తిప్పి చూడండి. నున్నగా జారే వైపు వాలు, గరుకు తగిలేది ఎదురు వాలు. చెంపల మీద సాధారణంగా కిందికి వాలుతుంది. మెడ మీద మాత్రం ఎవరిది వాళ్లదే. కొందరికి పక్కకి, కొందరికి పైకి, ఇంకొందరికి సుడి తిరిగి ఉంటుంది. కాగితం మీద ముఖం బొమ్మ వేసుకుని బాణాలు గీసుకుంటే వారం రోజుల్లో కంఠతా వచ్చేస్తుంది.

మొదటి విడత వాలు ప్రకారం. మళ్లీ నురగ రాసి రెండో విడత వాలుకి అడ్డంగా. రోజూ గీసుకునేవాళ్లకి చాలావరకు ఈ రెండు సరిపోతాయి. మూడోది ఎదురు వాలుగా, చర్మం ఒప్పుకుంటేనే. వెంట్రుకలు చర్మం లోపలికే ముడుచుకుని పొక్కులు లేచే తత్వం ఉన్నవాళ్లు మెడ మీద ఎదురు వాలు పూర్తిగా మానేయాలి. అక్కడ కాస్త గరుకు మిగలడమే మేలు.

మైల్డ్ రేజర్ గొప్పతనం విడతల మధ్యే తెలుస్తుంది. దూకుడు రేజర్ మొదటి విడతలోనే చాలా తీసేస్తుంది గానీ మూడో విడతకి చర్మం ఓర్చుకోదు. మైల్డ్ రేజర్ ఒక్కో విడతలో కొంచెం కొంచెం తగ్గిస్తూ పోతుంది, మూడో విడతలోనూ చర్మం నిబ్బరంగా ఉంటుంది. చివరికి వచ్చే నునుపు రెండింటిలోనూ ఒకటే, పట్టే సమయం రెండు మూడు నిమిషాలు ఎక్కువ. నురగ లేని చోట మాత్రం ఎప్పుడూ రెండోసారి గీయకండి.

ఇక బ్లేడు

డబుల్ ఎడ్జ్ రేజర్ (రెండు వైపులా పదునున్న బ్లేడు వేసే ఇలాంటి సేఫ్టీ రేజర్) మీద నాకున్న ఇష్టానికి సగం కారణం ఇదే: ఏ కంపెనీ బ్లేడైనా ఏ కంపెనీ రేజర్‌లోనైనా పడుతుంది. జిలెట్ కంపెనీ స్థాపకుడు కింగ్ క్యాంప్ జిలెట్ తన రేజర్‌ని 1903లో అమ్మకానికి పెట్టినప్పుడు ఆ ఏడాది అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. 1904లో పేటెంట్ వచ్చింది. ఆ పేటెంట్ గడువు 1921లో తీరిపోయాక ఎవరైనా చేసుకోవచ్చు. అందుకే మనకిప్పుడు ఇన్ని రకాలు. మొదట్లో బ్లేడ్లు కార్బన్ స్టీలువి, త్వరగా తుప్పు పట్టేవి. 1960ల మొదట్లో విల్కిన్‌సన్ స్వోర్డ్ స్టెయిన్‌లెస్ బ్లేడు ఆదరణ పొందాక మిగతా కంపెనీలూ అటే మళ్లాయి.

పెట్టె మీద ప్లాటినం, క్రోమియం అని కనిపిస్తే బ్లేడు మొత్తం దానితో చేశారని కాదు. అంచు మీద అతి పలచని పూత అది, పదును కాస్త ఎక్కువ రోజులు నిలవడానికి. దాని మీద చాలా బ్లేడ్లకి టెఫ్లాన్ లాంటి పూత కూడా ఉంటుంది, జారుడు కోసం. కొత్త బ్లేడు మొదటి గీతల కంటే రెండో షేవ్‌లో హాయిగా అనిపించడం చాలామంది గమనిస్తారు. కాబట్టి ఒక్క షేవ్‌తో ఏ బ్లేడు మీదా తీర్పు చెప్పకండి.

పదును వేరు, మృదుత్వం వేరు. పదును అంటే వెంట్రుకని లాగకుండా కోయడం. మృదుత్వం అంటే కోసేటప్పుడు చర్మం మీద బ్లేడు ఉన్నట్టే తెలియకపోవడం. కొన్ని బ్లేడ్లలో రెండూ ఉంటాయి, కొన్నిటిలో ఒకటే. దూకుడు రేజర్‌లో మృదుత్వం ముఖ్యం, ఎందుకంటే బ్లేడు ఎలాగూ బయటికే ఉంది. మైల్డ్ రేజర్‌లో ఆ లెక్క తిరగబడుతుంది. బ్లేడు లోపలికి ఉంది, అంచులో కొద్ది భాగమే వెంట్రుకని తాకుతుంది. ఆ కొద్ది భాగం మొద్దుగా ఉంటే వెంట్రుకని తోసి వంచేస్తుంది తప్ప కోయదు. మీరు నొక్కుతారు, మంట పుడుతుంది. "మైల్డ్ రేజర్, దానిలో మైల్డ్ బ్లేడు, ఇక ఏ ప్రమాదమూ లేదు" అనుకునే కొత్తవాళ్లకి ఎక్కువ మంట పుట్టేది ఇందుకే. భయపడి మొద్దు బ్లేడు ఎంచుకోకండి.

పదునులో ముందు వరసలో నిలిచే పేరు జపాన్ ఫెదర్. దూకుడు రేజర్‌లో దానికి భయపడేవాళ్లు చాలామంది, మైల్డ్ రేజర్‌లో మాత్రం అది సరిగ్గా ఒదుగుతుంది. ఫెదర్ కంపెనీ తన ఏఎస్-డీ2ని అంత సాధువుగా చేయడంలో ఆశ్చర్యమేమీ లేదు. జపాన్‌దే కై కూడా బాగా పదునైనది. దాని తర్వాత నేను జిలెట్ నాసెట్, జిలెట్ సిల్వర్ బ్లూ, పోల్‌సిల్వర్ లాంటి వాటిని పెడతాను. పదునూ ఉంటుంది, స్పర్శ కూడా బాగుంటుంది. ఆస్ట్రా ఆకుపచ్చ పెట్టె, పర్సోనా, వోస్ఖోద్ మధ్యస్థం. గడ్డం మామూలుగా ఉన్నవాళ్లకి మైల్డ్ రేజర్‌లోనూ చక్కగా సరిపోతాయి. డెర్బీ ఎక్స్‌ట్రా మెత్తనిది. సన్నని గడ్డం ఉండి రోజూ గీసుకునేవాళ్లకి బాగుండొచ్చు గానీ గట్టి గడ్డానికి మైల్డ్ రేజర్‌లో నేను చెప్పను. ఈ వరస నా చర్మం చెప్పింది. మీ చర్మం ఒకటి రెండు పేర్లు అటూ ఇటూ మార్చొచ్చు, అందుకే కింది పరీక్ష.

బ్లేడుని పరీక్షించే పద్ధతి

ఒకే బ్లేడు వంద కొనేయకండి. రకానికి ఐదేసి చొప్పున ఉండే చిన్న పెట్టెలు, నాలుగైదు రకాలు తెచ్చుకోండి. పదునైనవి రెండు, మధ్యస్థం రెండు ఉంటే చాలు. నమ్మకమైన చోటే కొనండి, పేరున్న బ్లేడ్లకి నకిలీలు వస్తుంటాయి.

తర్వాత మిగతావన్నీ కదలకుండా ఉంచాలి. అదే రేజర్, అదే సబ్బు, అన్నిసార్లూ అన్నే రోజుల గడ్డం. ఒకరోజు గడ్డం మీద ఒక బ్లేడునీ, నాలుగు రోజుల గడ్డం మీద ఇంకో బ్లేడునీ పోల్చడంలో అర్థం లేదు. ఒక్కో బ్లేడుతో కనీసం మూడు షేవ్‌లు చేయండి. ప్రతిసారీ పుస్తకంలో మూడు ముక్కలు రాసుకోండి: మొదటి విడతలో లాగిందా, తర్వాత మంట ఉందా, సాయంత్రానికి ఎంత గరుకు తేలింది. రాసుకోకపోతే పది రోజుల తర్వాత ఏది ఏమిటో గుర్తుండదు.

పటిక ఇక్కడ మంచి సాక్షి. షేవ్ అయ్యాక చల్లనీళ్లతో కడుక్కుని తడి పటిక ముఖమంతా రాయండి. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ చర్మం ఒరుసుకుపోయిందన్నమాట. చురుకు ముఖమంతా ఉంటే బ్లేడుని అనుమానించండి, మెడ మీద ఒకచోటే ఉంటే మీ చేతి ఒత్తిడిని అనుమానించండి. అరనిమిషం ఆగి కడిగేసి, ఏదైనా మాయిశ్చరైజర్ రాసుకోండి.

పదునైన బ్లేడు వేసి, కోణం కుదిరి, మూడు విడతలయ్యాక కూడా గరుకు మిగిలితే? అప్పుడు షిమ్ అనే కిటుకు ఉంది. వాడేసిన బ్లేడు రెండు అంచులనీ కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించేసి, మిగిలిన నడుమ రేకుని కొత్త బ్లేడుకీ కింది ప్లేటుకీ మధ్య పెడతారు. బ్లేడు దాదాపు 0.1 మిల్లీమీటరు పైకి లేచి, గ్యాపూ ఎక్స్‌పోజరూ కాస్త పెరుగుతాయి. అంచులు కత్తిరించేటప్పుడు తునకలు ఎగురుతాయి, కళ్లకి అద్దాలు పెట్టుకోండి. నా అనుభవంలో పదిమందిలో తొమ్మిదిమందికి దీని అవసరం రాదు, బ్లేడు మారిస్తేనే సరిపోతుంది.

ఎప్పుడు మార్చాలి, ఎలా దాచాలి

వెంట్రుక ఉక్కు కంటే సుమారు 50 రెట్లు మెత్తనిది. అయినా బ్లేడుని పాడు చేసేది అదే. ఎలాగన్నది అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2020లో సైన్స్ పత్రికలో చూపించారు. అంచు సమానంగా అరిగిపోవడం కాదు, వెంట్రుక వంగుతూ తెగేటప్పుడు ఉక్కులో బలహీనంగా ఉన్నచోట్ల సన్నని పెచ్చులు ఊడిపోతున్నాయి. అరచేతి మీదో బట్ట మీదో బ్లేడుని రుద్ది తుడిస్తే ఆ సన్నని అంచుకి ఇంకా దెబ్బ. నీళ్లలో ఝాడించి, పిడిని అర చుట్టు వదులు చేసి నీళ్లు కారనివ్వండి, చాలు.

మైల్డ్ రేజర్‌లో బ్లేడు మొద్దుబారడం త్వరగా తెలుస్తుంది. ఐదు షేవ్‌లు అని కొందరు, ఏడు అని కొందరు లెక్క పెట్టుకుంటారు. నేను లెక్క చూడను. మొదటి విడతలో పైపెదవి మీద లాగినట్టు అనిపించిన రోజే ఆ బ్లేడుకి ఆఖరు, మరునాటికి దాచను. ఫెదర్ లాంటి పదునైనవి నాకు మూడు నాలుగు షేవ్‌లకే అక్కడికి వస్తాయి.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ముఖం మీద పుండ్లు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే ఇవన్నీ మొదలుపెట్టండి. బ్లేడు గానీ రేజర్ గానీ ఇంకొకరితో పంచుకోవద్దు.

వాడేసిన బ్లేడ్లని చెత్తబుట్టలో విడిగా పడేయకండి, చెత్త ఎత్తేవాళ్ల చేతులు తెగుతాయి. మూత ఉన్న రేకు డబ్బా ఒకటి తీసుకుని, మూతకి సన్నని చీలిక పెట్టి, అందులోకి జారవిడవండి. నిండటానికి ఏళ్లు పడుతుంది. నిండాక చీలికని టేపుతో మూసి, పైన "బ్లేడ్లు" అని పెద్ద అక్షరాలతో రాసి అప్పగించండి.